నిండు బస్సులో ఇంకొకరికి చోటు: ఉప్పునీటి పొరల్లో కార్బన్ డయాక్సైడ్ నిల్వ

(కాకినాడలో జియాలజీ, పెట్రోలియం ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ వెల్ లాగింగ్ ఇంజనీరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

కూర్చోండి, కూర్చోండి. వెనక వాళ్లకి వినిపిస్తోందా? మైకు కొంచెం గురగురమంటోంది, సర్దుకుందాం.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను. ముప్పై ఏళ్ల పైన నేను లాగింగ్ చేశాను. బావి తవ్వాక కేబులుకి పరికరం కట్టి కిందకి దించి, పైకి లాగుతూ ఏ లోతులో ఏ రాయి ఉంది, ఆ రాయిలో ఏముంది అని గీతలు గీయించడం మా పని. ఆ గీతలు చూసి ఇక్కడ ఆయిల్, ఇక్కడ గ్యాస్, ఇక్కడ నీళ్లు అని చెప్పాలి. నీళ్లున్న చోట ఏం చేసేవాళ్లమో తెలుసా? "నీళ్లు" అని రాసి పేజీ తిప్పేసేవాళ్లం. వందల మీటర్ల ఇసుకరాయి, చూడ ముచ్చటైన ఇసుకరాయి. నీళ్లు. పేజీ తిప్పు. కోర్, అంటే పరీక్షించడానికి రాతి కడ్డీ, తీశామా? లేదు. టెస్టు చేశామా? లేదు. రిగ్గు అద్దె రోజుకి లక్షల్లో పరిగెడుతుంటే ఉప్పునీళ్ల రాయి కోసం ఎవరాగుతారండి? ఎవరూ ఆగరు. నేనూ ఆగలేదు.

ఇవాళ ప్రపంచమంతా ఆ తిప్పేసిన పేజీలే అడుగుతోంది. పొగగొట్టాల దగ్గర కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని, నొక్కి, ఆ ఉప్పునీళ్ల రాళ్లలోకి ఎక్కించి దాచాలంటున్నారు. మరి దాచడానికి ఏ రాయి పనికొస్తుంది, ఏది పనికిరాదు, ఎలా తేల్చాలి? ఈ పూట మాట్లాడేది దాని గురించే.

మీలో చాలామంది ఒక అంకె విని ఉంటారు. 2021లో ఐఐటీ బాంబే వాళ్లు లెక్క కట్టారు: మన దేశంలో లోతైన ఉప్పునీటి పొరల్లో 291 గిగా టన్నులు పడుతుందని. మరుసటి ఏడాది నీతి ఆయోగ్ నివేదికలోనూ ఆ అంకె కనిపించింది. గిగా టన్ను అంటే వంద కోట్ల టన్నులు. మన దేశం ఏడాదికి వదిలేది రమారమి 300 కోట్ల టన్నులు. అంటే దాదాపు వందేళ్లకి సరిపడా చోటుందన్నమాట! పేపర్లో చదివితే ఎవరికైనా హమ్మయ్య అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఒక అరగంట. లెక్క కట్టినవాళ్ల తప్పేం లేదు. అది సిద్ధాంతపరమైన సామర్థ్యం అని వాళ్లే స్పష్టంగా రాశారు. చదివేవాళ్లం మనం ఆ మాట దాటేసి అంకె దగ్గరకి దూకుతాం.

సరే, మొదటి నుంచి వద్దాం. ఇక్కడ కోనసీమ వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ, చాలా చేతులే లేచాయి. మీ ఇంట్లో "బోరు వేస్తే ఉప్పునీళ్లు పడ్డాయి" అంటారు చూడండి, నేను చెప్పేది ఆ నీళ్లు కాదు. అది సముద్రం పక్కనుంచి చొరబడిన నీరు, పైపైన ఉండేది. నేను చెప్పేది కిలోమీటరు, రెండు కిలోమీటర్ల కింద, రాయి గింజల మధ్య కోట్ల ఏళ్లుగా ఇరుక్కుని ఉన్న నీరు. చాలాచోట్ల సముద్రపు నీటికంటే ఉప్పగా ఉంటుంది. తాగడానికి, పంటకి, దేనికీ పనికిరాదు. పనికిరాదు కాబట్టే దాని జోలికి వెళ్తున్నాం.

అందుకే మొదటి పరీక్ష ఉప్పు. అమెరికాలో చట్టం ఏం చెబుతుందంటే, లీటరుకు 10,000 మిల్లీగ్రాముల కంటే తక్కువ లవణాలున్న నీటి పొరని తాగునీటి వనరుగా చూసి కాపాడాలి. సముద్రపు నీటిలో 35,000 ఉంటాయి. 10,000 నోట్లో పోసుకోలేం, నిజమే. కానీ రేపెప్పుడో నీటి కరువొచ్చి, శుద్ధి చేసుకుని తాగాల్సి వస్తే? ఆ ముందుచూపుతో పెట్టిన గీత అది. ఈ ఉప్పు లెక్క మన పాత లాగుల్లోనే, అంటే మేము గీయించిన ఆ గీతల కాగితాల్లోనే ఉంది. ఉప్పునీరు కరెంటుని బాగా పోనిస్తుంది, ఆయిలూ గ్యాసూ పోనివ్వవు. ఆ కరెంటు లెక్కని బట్టి రాయిలో నీరెంతో చెప్పే సమీకరణం 1942లో ఆర్చీ అనే ఆయన ఇచ్చాడు కదా, పరీక్షల కోసం బట్టీ పట్టి ఉంటారు. మేము ఆ సమీకరణంతో ఆయిల్ వెతికాం. మీరు అదే సమీకరణంతో ఉప్పు వెతకాలి. సమీకరణం అదే, కాగితం అదే. మేము వదిలేసిన గీతే మీకు కావాల్సింది.

800 మీటర్ల సంగతి

రెండోది లోతు. ఏ పుస్తకం తెరిచినా 800 మీటర్లు అని ఉంటుంది. ఎందుకు 800? కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి దాటితే అదో విచిత్రమైన స్థితికి వెళుతుంది. గ్యాసులా పాకుతుంది, ద్రవంలా బరువుంటుంది. నీటిలో పది మీటర్లు దిగితే ఒక బార్ పెరుగుతుంది. 800 మీటర్ల దగ్గర 80 బార్లు. అక్కడ అది బాగా దగ్గరకి నొక్కుకుపోతుంది, తక్కువ చోటులో ఎక్కువ సరుకు పడుతుంది. అదీ లెక్క.

కానీ ఆ లెక్క ఎక్కడ పుట్టింది? చల్లటి దేశాల్లో, చల్లటి సముద్రాల అడుగున. మన కాకినాడలో నేల పైనే 28 డిగ్రీలు. కిలోమీటరుకు 30 డిగ్రీలు పెరుగుతుందనుకోండి, 800 మీటర్ల దగ్గర ఎంత? చెప్పండి. ఆ, 52. యాభై డిగ్రీల వేడిలో 80 బార్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 220 కిలోలే తూగుతుంది. అదే 35 డిగ్రీలుంటే 400 దాటేది. అంటే పుస్తకంలో 800 అని ఉంది కదా అని మనం 800 దగ్గర ఆగితే సగం గోడౌను ఖాళీగా వదిలేసినట్టు. మన దగ్గర పదిహేను వందల మీటర్లకి పోతే గానీ 500 కిలోల దాకా రాదు. అలాగని మరీ లోతుకి పోతే? రాయి గట్టిపడిపోతుంది, రంధ్రాలు మూసుకుపోతాయి, బావి ఖర్చు పెరుగుతుంది. అందుకని మన తీరంలో వెతకాల్సిన మేర పదిహేను వందల నుంచి పాతిక వందల మీటర్ల మధ్య అని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే టీ దగ్గర వాదించుకుందాం.

ఇప్పుడు ఎంత పడుతుందో లెక్క కడదాం. బోర్డు మీద రాస్తున్నాను, కనిపించకపోతే చెప్పండి. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఇసుకరాయి తీసుకుందాం. మందం 50 మీటర్లు. రాయిలో ఐదోవంతు రంధ్రాలు, అంటే 20 శాతం. మొత్తం రంధ్రాల ఘనపరిమాణం వంద కోట్ల ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు ఇందాకటి 500 కిలోలు, అంటే అర టన్ను చొప్పున గుణిస్తే 50 కోట్ల టన్నులు. బ్రహ్మాండం కదా?

కాదు. ఎందుకంటే ఆ రంధ్రాలన్నిటిలోకీ అది వెళ్లదు. నీటికంటే తేలిక కాబట్టి పైకి లేస్తుంది, పైన మూతలా ఉన్న గట్టి రాయి కింద పలచగా పరుచుకుంటుంది, మంచి దారి దొరికిన చోట పరిగెడుతుంది, మిగతా రాయిని ముట్టుకోదు. అందుకని లెక్కలో ఒక సామర్థ్య గుణకం పెడతారు. ఒకటి, రెండు, మూడు శాతం, ఆ చుట్టుపక్కల. రెండు వేసుకుందాం. 50 కోట్లు కాస్తా ఒక కోటి టన్నులయింది. మన సింహాద్రి థర్మల్ స్టేషన్ రెండు వేల మెగావాట్లు. ఏడాదికి రమారమి 1200 కోట్ల యూనిట్లు, యూనిట్‌కి 900 గ్రాములు వేసుకోండి. ఎంతయింది? కోటి టన్నుల పైచిలుకు. వంద చదరపు కిలోమీటర్ల రాయి ఒక్క స్టేషనుకి ఒక్క ఏడాది.

ఎవరో నవ్వారు. నవ్వకండి, ఇంకా అయిపోలేదు.

బస్సు

అసలు విషయానికి వస్తున్నాను. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా మరిచిపోయినా నాకు బాధ లేదు. ఆ రాయిలో ఖాళీ లేదు. మళ్లీ చెబుతున్నాను, ఖాళీ లేదు. ప్రతి రంధ్రమూ నీళ్లతో నిండి ఉంది. "నిల్వ" అనగానే మనకి ఖాళీ గాదె కళ్లముందు కదులుతుంది. అది గాదె కాదండి, సాయంత్రం ఆరింటికి కాకినాడ కాంప్లెక్సులో బయల్దేరే పల్లెవెలుగు బస్సు. ఫుట్‌బోర్డు దాకా జనం. ఇంకొకడు ఎక్కాలంటే లోపలున్నవాళ్లు జరగాలి. కండక్టరు "జరగండి, జరగండి" అంటాడు. జరుగుతారా లేదా అన్నది బస్సు పొడవు మీద, వెనక ఎంత మెత్తగా సర్దుకోగలరు అన్నదాని మీద ఆధారపడుతుంది. జరగకపోతే? తోపులాట. భూమి లోపల తోపులాటకి పేరు ఒత్తిడి. ఒత్తిడి ఒక హద్దు దాటితే రాయి చిట్లుతుంది.

పైన గీసిన వంద చదరపు కిలోమీటర్ల రాయికి నాలుగు పక్కలా భ్రంశాలు, అంటే ఫాల్టులు ఉన్నాయనుకోండి. అవి నీటిని దాటనివ్వవు అనుకోండి. మూసిన డబ్బా అయింది. నీళ్లు ఎటూ జరగలేవు. నీళ్లు కొంచెం నలగాలి, రాయి కొంచెం సాగాలి, ఆ దొరికిన చోటే చోటు. ఒక బార్ పెరిగితే రెండూ కలిపి పదివేలలో ఒక వంతు చోటిస్తాయి. యాభై బార్లు పెంచే వీలుంటే అర శాతం. రెండు శాతం అనుకున్నది అర శాతమైంది. కోటి టన్నులు పాతిక లక్షలయింది. సింహాద్రికి మూడు నెలలు! అదే రాయి, అవే రంధ్రాలు. మారింది ఒక్కటే, అంచుల దగ్గర తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది.

ఇది నా ఊహ కాదు, జరిగిన కథలున్నాయి. నార్వే వాళ్లవే రెండు చెబుతాను.

ఉత్తర సముద్రంలో స్లైప్నర్ అని గ్యాస్ క్షేత్రం. అక్కడి గ్యాసులో దాదాపు 9 శాతం కార్బన్ డయాక్సైడ్. అమ్మాలంటే రెండున్నర శాతానికి తేవాలి. వేరు చేసినదాన్ని గాలిలోకి వదిలేద్దామంటే 1991లో నార్వే ప్రభుత్వం పన్ను వేసింది. అందుకని 1996 నుంచి ఊట్సిరా అనే ఇసుక పొరలోకి, సముద్ర మట్టం నుంచి కిలోమీటరు లోతుకి ఎక్కిస్తున్నారు. చాలా ఏళ్లు ఏడాదికి దాదాపు పది లక్షల టన్నులు ఎక్కించారు. ఆ ఇసుక గురించి చెబితే మాలాంటి వాళ్లకి అసూయ పుడుతుంది. 35 నుంచి 40 శాతం రంధ్రాలు. గట్టిపడని ఇసుక, దాదాపు మన గోదావరి ఇసుక మేటలాగే. 200 మీటర్ల పైన మందం, వందల కిలోమీటర్ల పొడవు. ఒత్తిడి పెరిగిందా? పెరిగినట్టే లేదు. పొడవాటి రైలులోకి ఇంకొకడు ఎక్కినట్టు.

అలాంటి చోటా ఒక ఆశ్చర్యం ఎదురైంది. మధ్యలో మీటరు మందం షేల్ పొరలు, అంటే బంకమట్టి గట్టిపడిన రాయి పొరలు, కొన్ని ఉన్నాయి. అవి ఆపుతాయిలే, నెమ్మదిగా పైకి వస్తుందిలే అనుకున్నారు. 1999లో సీస్మిక్ సర్వే చేసి, అంటే భూమిలోకి ధ్వని తరంగాలు పంపి చూస్తే, మూడేళ్లలోనే ఇసుక పొర పైకప్పు దాకా చేరిపోయింది. తొమ్మిది అంతస్తుల్లో పరుచుకుని కనిపించింది. దానిపైన అసలు మూత, వందల మీటర్ల షేల్, దాన్ని దాటలేదు. ఏమీ కాలేదు. కానీ లోపల ఎలా పాకుతుందో ముందుగా చెప్పగలిగారా? లేదు.

రెండోది స్నోవిట్, బారెంట్స్ సముద్రం. అదే దేశం, అదే కంపెనీ, పన్నెండేళ్ల అనుభవం. 2008లో ట్యూబొయెన్ అనే ఇసుకరాయిలోకి, 2,600 మీటర్ల లోతులో మొదలుపెట్టారు. కాగితం మీద చోటు బోలెడు. ఎక్కించడం మొదలుపెట్టగానే ఒత్తిడి లేస్తోంది. మొదట బావి చుట్టూ ఉప్పు పేరుకుందని కనిపెట్టారు. పొడి గ్యాసు వెళ్లి నీటిని ఆవిరి చేసేస్తుంది, ఉప్పు మిగులుతుంది. మన ఉప్పు మడుల్లో ఎండ చేసే పనే! గ్లైకాల్ పోసి దాన్ని కడిగారు. ఆ ఒత్తిడి తగ్గింది. కానీ అసలుది తగ్గలేదు, నెలనెలా పెరుగుతూనే ఉంది. ఎందుకంటే ఆ ఇసుకరాయి ఒకప్పటి నదీపాయల ఇసుక. పాయకీ పాయకీ మధ్య బంకమట్టి. పైనుంచి చూస్తే విశాలం, లోపలికి వెళితే ఇరుకు గదులు. చిట్లే హద్దుకి దగ్గరవుతోందని 2011లో ఆపేసి, పైనున్న ఇంకో పొర, స్టో అంటారు, దానిలోకి మార్చుకున్నారు. మార్చుకోవడానికి పైన ఇంకో పొర ఉంది కాబట్టి బతికిపోయారు. లేకపోతే?

ఇంకోటి క్లుప్తంగా. అల్జీరియా ఎడారిలో ఇన్ సలా. 2004 నుంచి 2011 దాకా 38 లక్షల టన్నులు. రాయి మందం ఇరవై మీటర్లే, బిగువు రాయి. ఉపగ్రహంతో కొలిస్తే బావుల చుట్టూ నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఉబ్బుతోంది. రెండు కిలోమీటర్ల కింద ఎక్కిస్తుంటే పైన ఎడారి ఉబ్బడం! ఒక బావి దగ్గర ఉబ్బు రెండు వరసలుగా కనబడింది, అంటే కింద పగులు తెరుచుకుందని అర్థం. మూత తెగలేదు, కానీ ఆపేశారు. అక్కడే ఇంకో సంగతి. ఎప్పుడో పాతకాలంలో తవ్వి వదిలేసిన బావి ఒకటి కిలోమీటరుకు పైగా దూరంలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ దాన్ని వెతుక్కుంటూ వెళ్లి పైకి కాస్త లీకైంది. తర్వాత ఆ బావిని సరిగ్గా మూశారు.

పాత బావి అనగానే మనవాళ్లకి పాశర్లపూడి గుర్తుకు రావాలి. మీరు పుట్టి ఉండరు. 1995 జనవరిలో అక్కడి గ్యాసు బావి బ్లో అవుట్ అయింది, అంటే గ్యాసు అదుపు తప్పి ఎగదన్నింది, రెండు నెలలు మండింది. రాత్రిపూట చుట్టుపక్కల ఊళ్లకి దీపాలు అక్కర్లేదని చెప్పుకునేవారు. అది వేరే సంగతి, అధిక ఒత్తిడి గ్యాసు. కానీ ఎందుకు చెప్పానంటే, మన డెల్టాలో బావులు తక్కువేం లేవు. ప్రతి పాత బావీ మూతకి పెట్టిన చిల్లు. దాని సిమెంటు ఎలా ఉంది, ఎప్పుడు మూశారు, ఎంతవరకు మూశారు, ఈ కాగితాలు దొరక్కపోతే ఆ చుట్టుపక్కల రాయి ఎంత మంచిదైనా నేను మార్కులు వెయ్యను. రాయి బాగుంటే సరిపోదు, రికార్డు బాగుండాలి.

ఇక మూత సంగతి. షేల్ ఎందుకు ఆపుతుంది? ఇంటికెళ్లి ఒక గుడ్డ తడిపి, నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. పొడి గుడ్డలోంచి గాలి పోతుంది, తడి గుడ్డలోంచి పోదు. షేల్ రంధ్రాలు మరీ సన్నం, వాటిలో నీరు బిగుసుకుని ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్‌కి దారివ్వదు. ఎంత గట్టిగా ఊదితే దారిస్తుంది అన్నది ల్యాబులో కొలవాలి. కొలవాలంటే షేల్ కోర్ కావాలి. షేల్ కోర్ ఎవరు తీశారు? మేమా? మేము ఆయిల్ రాయి కోర్ తీయడానికే పైవాళ్లతో గొడవపడేవాళ్లం! ఒకసారి షేల్‌లో తొమ్మిది మీటర్ల కోర్ పొరపాటున వచ్చింది, లోతు లెక్క తప్పి. నాకు చివాట్లు పడ్డాయి. ఆ పెట్టె ఇప్పుడు దొరికితే కళ్లకద్దుకుంటారు.

మన కృష్ణా గోదావరి బేసిన్‌కి వద్దాం. పేర్లు మీకు తెలుసు. గొల్లపల్లి ఇసుకరాయి, దానిపైన రాఘవాపురం షేల్, దానిపైన తిరుపతి ఇసుకరాయి, ఆ పైన రాజోలు లావా రాయి. ఈ తిరుపతి ఏడుకొండల తిరుపతి కాదు సుమా, రాయి బయటపడేది ద్వారకా తిరుమల వైపు. వరస చూస్తే నోరూరుతుంది కదా? ఇసుకరాయి, మూత, ఇసుకరాయి, మూత. ఎవరో పేర్చి పెట్టినట్టుంది. కానీ అదే బేసిన్ మ్యాపు తీయండి. బాపట్ల గట్టు, తణుకు గట్టు, కైకలూరు గట్టు, మధ్యలో గుడివాడ, బంటుమిల్లి లోయలు. అన్నీ ఫాల్టులతో విడిపోయినవే. బస్సు పొడవుగానే ఉంది, లోపల ఎన్ని గోడలున్నాయో? ఆ గోడలు నీటిని పోనిస్తాయా, ఆపుతాయా? పోనిస్తే ఒత్తిడి సర్దుకుంటుంది, మరి సరుకు కూడా పోతుందేమో? ఆపితే సరుకు భద్రం, ఒత్తిడి లేస్తుంది. రెండూ మంచే, రెండూ చెడే. ఇది సీస్మిక్ బొమ్మ చూసి తేలేది కాదు. బావిలోకి ఎక్కించి, ఆపి, ఒత్తిడి ఎలా దిగుతోందో రోజుల తరబడి కూర్చుని చూడాలి. గోడ దగ్గర ఉంటే ఆ గీత చెప్పేస్తుంది. పక్క బావిలో ఒత్తిడి కొలిచే గేజీ పెడితే, రెండింటి మధ్య దారి ఉందో లేదో అదీ చెప్పేస్తుంది.

ముందు వరసలో పెద్దాయన చెయ్యెత్తారు. చెప్పండి బాబుగారూ. ఆ... "లీకైతే మా ఊరి జనం ఏమవ్వాలి" అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే. 1986లో ఆఫ్రికాలో కామెరూన్‌లో న్యోస్ అనే చెరువులోంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పొంగి 1,700 మందికి పైగా ఊపిరాడక పోయారు. నేను దాచను. అయితే అది చెరువు నీటిలో అడుగున కరిగి పేరుకున్నది, ఒక్కసారిగా తిరగబడింది. రాయి గింజల మధ్యనున్నది అలా ఒక్కసారిగా పొంగే వీల్లేదు. పైగా కాలం గడిచేకొద్దీ అది ఇంకా కదల్లేని స్థితికి వస్తుంది. కొంత నూనె గిన్నె వంచినా గిన్నెకి అంటుకుని మిగిలినట్టు రంధ్రాల్లో ఇరుక్కుపోతుంది, కొంత నీటిలో కరిగి ఆ నీరు బరువెక్కి కిందకి దిగుతుంది, వేల ఏళ్లకి కొంత రాయిగా మారుతుంది. జపాన్‌లో నాగవోకాలో పదివేల టన్నుల ప్రయోగం జరుగుతుండగా 2004లో 6.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. పంపు దానంతటదే ఆగిపోయింది, పరీక్షలన్నీ చేసి మళ్లీ మొదలుపెట్టారు, లీకు కనబడలేదు. కానీ అయ్యా, మీ ఊరికి నేను భయపడేది ఉక్కిరిబిక్కిరి గురించి కాదు. ఒత్తిడి తోస్తే పాత బావి వెంట ఆ లోతు ఉప్పునీరు మీ మంచినీటి పొరలోకి ఎక్కుతుందేమో, అదీ నా భయం. అందుకే ముందు పాత బావుల లిస్టు అడుగుతున్నాను. మీ పంచాయతీ కూడా అడగాలి.

ఇంకొకటి. అమ్మాయ్, గట్టిగా చెప్పమ్మా. "ఇంతకీ మన బేసిన్ పనికొస్తుందా, రాదా సార్?" సూటిగా అడిగింది. చూడమ్మా, మా నాన్నగారు బోరు వేయించేటప్పుడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే ఆయన్ని పిలిచారు. కాయ లేచి నిలబడిన చోట వేయమన్నాడాయన. మూడొందల అడుగులు దిగినా చుక్క పడలేదు. ఇప్పుడు నేను పాత లాగులు నాలుగు చూసి "వస్తుంది" అన్నా, "రాదు" అన్నా ఆ కొబ్బరికాయ పనే చేసినట్టు. నాకు ఒక్క బావి కావాలి, ఆయిల్ కోసం కాకుండా ఈ పని కోసమే తవ్వింది. షేల్‌లో కోర్, ఇసుకరాయిలో కోర్, కిలోమీటరు దూరంలో గేజీ పెట్టుకోవడానికి పాత బావి ఒకటి. ఆరు నెలలు ఎక్కించనివ్వాలి. కార్బన్ డయాక్సైడ్ కూడా వద్దు, ముందు ఉప్పునీళ్లు చాలు. ఏడో నెలలో వచ్చి నీ ప్రశ్నకి జవాబు చెబుతాను.